బంగారు గీత మన్యానికి ఏ దారిన వచ్చింది?

వైరస్‌లను పసిగట్టే నానో సెన్సర్ల చరిత్రను మనవాళ్లు రాసినప్పుడల్లా ఒకే దారి పడతారు. 1857లో ఫారడే బంగారాన్ని ఎర్రటి ద్రావణంగా మార్చాడు, 1971లో ఫాల్క్, టేలర్ ఆ కణాలకు యాంటీబాడీలు తగిలించారు, 1996లో మిర్కిన్ బృందం డీఎన్‌ఏతో జత చేసింది, ఆ తర్వాత నేరుగా 2020, కరోనా. అరకు, పాడేరు కొండలకు ఈ కథ అతకదు. ఇక్కడికి బంగారు కణాలు మహమ్మారికి చాలా ఏళ్ల ముందే, చలిజ్వరం వెంట వచ్చాయి.

మన్యం జ్వరం పాతదే. రంప పితూరీలను (గిరిజన తిరుగుబాట్లను) అణచడానికి వచ్చిన బలగాలనూ అది వదల్లేదు. ఈ మన్యానికి ఆనుకున్న జైపూర్ కొండల మలేరియాపై పెర్రీ పరిశోధన 1914 నాటిది. క్లోరోక్విన్ వచ్చాక చాలాకాలం పద్ధతి ఒకటే: జ్వరమంటే రక్తపూత తీయడం, ఫలితం రాకముందే క్లోరోక్విన్ మింగించడం. స్లైడు పీహెచ్‌సీకి చేరి, మైక్రోస్కోపు చూసి, కబురు గూడేనికి తిరిగొచ్చేలోగా రోగి కోలుకోనైనా కోలుకునేవాడు, డోలీ అయినా ఎక్కేవాడు.

ఈ పద్ధతి మారడానికి కారణం నానో విజ్ఞానం పండటమేనంటే నేను ఒప్పుకోలేను. బంగారు కణాల మలేరియా పట్టీలు 1990లలోనే తయారయ్యాయి. ఒత్తిడి మందు వైపు నుంచి వచ్చింది. మలేరియా తెచ్చే ఫాల్సిపేరం పరాన్నజీవి క్లోరోక్విన్‌కు లొంగడం మానేసింది. క్లోరోక్విన్ స్థానంలోకి వచ్చిన ఆర్టెమిసినిన్ మిశ్రమం ఖరీదైనది. జ్వరం వచ్చిన ప్రతివాడికీ మింగిస్తే దానికీ మొండిరకం పుడుతుందన్న భయం ఉంది. కాబట్టి మందుకు ముందు నిర్ధారణ తప్పనిసరైంది. జాతీయ కార్యక్రమంలోకి ఆ మందూ ర్యాపిడ్ కిట్లూ దాదాపు కలిసే, 2005 ప్రాంతంలో వచ్చాయి. అదే ఏడాది గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై, కిట్టు పట్టుకునే చేయిని, అంటే ఆశా కార్యకర్తను, ఊరికి ఇచ్చింది. 2013 నుంచి వైవాక్స్ అనే మరో రకం మలేరియానూ చూపే కిట్లు వచ్చాయి. మలేరియా తగ్గిన ఘనతంతా కిట్టుదేనని అనను. దోమతెరలకూ మందు పిచికారీకీ వాటా ఉంది.

పట్టీ పని తీరు చూడండి. వేలి నుంచి చిన్న రక్తపు బొట్టు, దాని వెంట బఫరు చుక్కలు. ఎండబెట్టి ఉంచిన బంగారు కణాలు తడికి లేచి పాకుతాయి. పరాన్నజీవి విడిచిన హెచ్‌ఆర్‌పీ-2 ప్రొటీన్ దొరికితే దాన్ని పట్టుకుని గీత దగ్గర ఆగిపోతాయి. గుంపు కట్టాక ఎర్రగా కనిపిస్తాయి. కరెంటు అక్కర్లేదు, పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. కానీ ఆ ప్రొటీన్ జ్వరం తగ్గాక కూడా వారాలపాటు రక్తంలో ఉంటుంది కనుక నయమైనవాడికీ గీత పడుతుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు లేని పరాన్నజీవి అయితే ఒళ్లు కాలిపోతున్నా పట్టీ ఏమీ చెప్పదు.

వైరస్ వంతు వచ్చేసరికి ఈ లోపాలు ఇంకా పెరిగాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా పరీక్షలకు రాష్ట్రం దక్షిణ కొరియా నుంచి తెప్పించిన లక్ష కిట్లు యాంటీబాడీలను వెతికేవి, అసలు వైరస్‌ను కాదు. జూన్‌లో ఐసీఎంఆర్ యాంటీజెన్ కిట్టును అనుమతిస్తూనే, లక్షణాలుండి నెగటివ్ వచ్చినవాళ్లకు ఆర్టీపీసీఆర్ చేయాల్సిందేనంది. డెంగీకి ర్యాపిడ్ కిట్లు బజారులో ఉన్నా ప్రభుత్వ లెక్కకు ఎలీసాయే ప్రమాణం. ఎలీసా అంటే నమూనా కొండ దిగాలి, అంటే స్లైడు కాలం నాటి నిరీక్షణే మళ్లీ.

పరిశోధనా పత్రాల్లో సెన్సర్లు ఏటికేడు మరింత సూక్ష్మమవుతున్నాయి. అందులో ఎక్కువ భాగం శుభ్రమైన బఫరులో సాధించిన సున్నితత్వమే. ఇదే మన్యంలో, ముసురు పట్టిన ముంచంగిపుట్టులో, చెమ్మగిల్లిన పెట్టెలోంచి తీసిన పట్టీ సంగతి వేరు. ఇక్కడ కావలసింది ఒకే జ్వరంలో మలేరియానూ డెంగీనీ చికున్‌గన్యానూ వేరుచేసి చూపే, వానాకాలాన్ని తట్టుకునే చవక పట్టీ. దానికి పరిశోధన పత్రాల్లో దక్కుతున్న చోటు తక్కువ.