ఆంగ్లభాషలో అపరిమితాధికార పదములు

శాసనములలోను, సంధిపత్రములలోను, న్యాయస్థానముల తీర్పులలోను ‘ఆబ్సల్యూట్’, ‘ప్లీనరీ’, ‘సావరిన్’, ‘పారమౌంట్’ అను ఆంగ్లపదములు తఱచుగా కానవచ్చుచుండును. వినుటకు ఇవి హద్దులెఱుగని పదములు. కాని వీని చరిత్రను పరిశీలించినచో, హద్దు లేదని చాటుకొన్న పదమునకే చరిత్ర ముందుగా హద్దు గీచినదని తెలియగలదు.

‘ఆబ్సల్యూట్’ లాటిను భాషనుండి వచ్చినది. కట్టు విప్పబడినది అని దీని మూలార్థము. పూర్తియైనది, లోపము లేనిది అను అర్థమును దీనికి కలదు. చక్రవర్తి శాసనముల కట్టునుండి విడివడినవాడని రోమను న్యాయవేత్త అల్పియను చెప్పిన సూత్రములో ఉన్నదియు ఈ ధాతువే. తెలుగువారు వాడు ‘నిరంకుశ’ శబ్దము దీనికి దగ్గరి చుట్టము. అంకుశము లేని ఏనుగు ఎట్టిదో, కట్టు లేని ప్రభువు అట్టివాడు. ఇక ‘ప్లీనరీ’ నిండుదనమును తెలుపును. ‘సావరిన్’, ‘పారమౌంట్’ అనునవి రెండును పైనుండుటను తెలుపు పదములు.

ఇంగ్లండులో ఈ పదములకు పట్టాభిషేకము చేసినవాడు ఎనిమిదవ హెన్రీ. రోములోని పోపునకు అప్పీలు చేసికొనుటను నిషేధించిన 1533 నాటి శాసనము, ఇంగ్లండు ఒక సామ్రాజ్యమనియు, దాని రాజునకు సర్వసమగ్రమైన అధికారము కలదనియు ప్రకటించెను. 1539లో మఱొక శాసనము రాజప్రకటనలకు పార్లమెంటు శాసనములతో సమానమైన బలమును ఇచ్చెను. అయితే హెన్రీ మరణించిన 1547వ సంవత్సరములోనే ఆ శాసనము రద్దయినది. రాజు గతించినంతనే పదము కూడ బలము కోల్పోయినది.

తరువాతి శతాబ్దములో ఈ వివాదమునకు ఒక నిఘంటువు కారణమయ్యెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో రోమను న్యాయశాస్త్రమునకు ఆచార్యుడైన జాన్ కోవెల్ 1607లో ‘ఇంటర్‌ప్రిటర్’ అను న్యాయపదకోశమును ప్రకటించెను. అందు ‘రాజు’, ‘పార్లమెంటు’, ‘ప్రత్యేకాధికారము’ మొదలగు పదములను వివరించుచు, రాజు తన నిరంకుశాధికారముచేత శాసనములకు అతీతుడని వ్రాసెను. రోమను సూత్రములను ఔపోసన పట్టిన పండితునకు అది సహజముగనే తోచియుండును. కాని 1610లో కామన్సు సభ్యులు ఆ గ్రంథముపై ఆగ్రహించిరి. ఆ వివరణ నిలిచినచో పార్లమెంటు ఉనికియే రాజానుగ్రహముగ మాఱునని వారి భయము.

అప్పుడు సింహాసనమున ఉన్నవాడు మొదటి జేమ్సు. రాజులది దైవదత్తాధికారమని నమ్మినవాడు. అయినను, ధనము కొఱకు పార్లమెంటును ఆశ్రయింపవలసిన కాలమది. కనుక తన అధికారమును ఆకాశమున కెత్తిన గ్రంథమును 1610 మార్చిలో తానే నిషేధించెను. అదియును ఒక రాజప్రకటన ద్వారానే! ఆ సంవత్సరమే ప్రధాన న్యాయమూర్తులలో ఒకడైన ఎడ్వర్డ్ కోక్, తోడి న్యాయమూర్తులతో కలిసి, రాజు తన ప్రకటనచేత క్రొత్త నేరమును సృష్టింపజాలడనియు, దేశశాసనము ఇచ్చినదే రాజునకు గల అధికారమనియు అభిప్రాయము చెప్పెను. కోవెల్ 1611లో మరణించెను. జేమ్సు కుమారుడైన మొదటి చార్లెసు ఆ అభిప్రాయములోని హితమును గ్రహింపక, 1649లో శిరస్సునే కోల్పోయెను.

రాజును కట్టివేసిన పార్లమెంటు తానును ఈ పదముల మోహమున పడినది. అమెరికా వలసలపై విధించిన స్టాంపు పన్నును 1766లో ఉపసంహరించుచు, ఆ దినముననే వేఱొక శాసనముచేత, సమస్త విషయములందును ఆ వలసలను బంధింపగల అధికారము తనకు కలదని ప్రకటించుకొన్నది. పన్ను పోయినది, మాట మాత్రము మిగిలినది. పది సంవత్సరముల తరువాత, 1776 జూలై 4 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ఆ మాటలే నేరారోపణలుగా మాఱినవి.

భారతదేశమున ఈ పాత్ర ‘పారమౌంట్’ అను పదమునకు దక్కినది. బీరారు విషయమున నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్, తన అంతరంగిక వ్యవహారములలో తాను ఆంగ్ల ప్రభుత్వముతో సమానుడనని వాదించెను. రాజప్రతినిధి రీడింగు ప్రభువు 1926 మార్చి 27న వ్రాసిన జాబులో, ఆంగ్ల సార్వభౌమత్వము భారతదేశమున సర్వోన్నతమని, దానితో సమానముగ వాదించు హక్కు ఏ సంస్థానాధీశునకును లేదని స్పష్టము చేసెను. 1929లో బట్లరు సంఘము ఆ అధికారమునకు నిర్దిష్టమైన ఎల్లలు గీయక విడిచెను. ఎల్లలు లేని ఆ అధికారము 1947 ఆగష్టు 15న ఒక్క శాసనముతో అంతరించినది. అటుపై తానే సర్వస్వతంత్రుడనని భావించిన నిజాము ఆశయు 1948 సెప్టెంబరులో ముగిసినది. తెలంగాణా ప్రజలు ఒకే తరములో రెండు సర్వోన్నతాధికారముల అస్తమయమును చూచిరి.

భారత రాజ్యాంగమును వ్రాసినవారు ఈ చరిత్ర నెఱిగినవారు. కేంద్రోద్యోగి రాష్ట్రపతి ఇష్టమున్నంత వరకు ఉద్యోగమున ఉండునని 310వ అధికరణము చెప్పును. ‘ఇష్టము’ అను ఈ మాట ఆంగ్లరాజుల కాలపు శేషము. కాని వెంటనే 311వ అధికరణము, కొన్ని మినహాయింపులకు లోబడి, అభియోగమును తెలుపక, విచారణ జరుపక, సమాధానము చెప్పుకొను అవకాశమీయక ఉద్యోగిని తొలగింపరాదని శాసించుచున్నది. ఆఫీసులో కూర్చుండి పనిచేయు గుమాస్తా మొదలు కార్యదర్శి వఱకు అందఱికిని ఆ రెండవ అధికరణమే అంకుశమును, అండయును.

నిశ్చయమును తెలుపు ‘సర్టెన్’ అను పదమునకు మూలమైన లాటిను ధాతువునకు జల్లించుట అని అర్థము. జల్లెడ పట్టి తేల్చినదే నిశ్చయము. ‘ఆబ్సల్యూట్’ కట్టును విప్పుమనును, ‘సర్టెన్’ ముందు జల్లింపుమనును. మొదటి పదమును నమ్మిన ప్రభువులు పోయిరి. రెండవ పదములోని ధర్మము, విచారణ రూపమున, నేటికిని నిలిచియున్నది.