దిద్దినా పోని దోషం

దూరాన ఉన్న లినక్స్ సర్వర్‌లో ఒక ప్యాకేజీని స్థాపించడానికి ఈనాడు ఒక్క ఆదేశం చాలు. తొంభైల తొలినాళ్ళలో అలా కాదు. మూలసంకేతాన్ని తెచ్చుకొని ఎవరి యంత్రం మీద వారే కంపైల్ చేసుకోవాలి. అది ఒక లైబ్రరీని అడుగుతుంది, ఆ లైబ్రరీ ఇంకొకదాన్ని. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఈ చిక్కు విప్పే పూచీని తలకెత్తుకుంది. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ‘ఆప్ట్’ తోడు ప్యాకేజీలను తానే వెతికి తెచ్చేది. ఇక దూరం సంగతి: 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల చౌర్యం జరిగాక తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్.ను రచించాడు.

అప్పటి నుంచి మన నమ్మకమంతా ప్యాకేజీని సిద్ధం చేసే స్వచ్ఛంద కార్యకర్త మీదికి చేరింది. వైద్యుడిగా నాకిది పరిచితమే. మాత్రలో ఏముందో రోగి చూడడు. రాసిచ్చిన నేనూ చూడను.

2006లో డెబియన్‌లోని ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ప్యాకేజీ గురించి వాల్‌గ్రైండ్ అనే పరీక్షా సాధనం ఒక హెచ్చరిక చేసింది. దానిని పోగొట్టడానికి నిర్వాహకుడు రెండు వరుసలను నిలిపివేశాడు. తొందరపడి కాదు, ముందుగా మూల రచయితల చర్చావేదికలో అడిగాడు, గట్టి అభ్యంతరం రాలేదు. కాని ఆ వరుసల్లో ఒకటి యాదృచ్ఛిక సంఖ్యలకు ప్రాణాధారం. అది పోయాక మిగిలిన వైవిధ్యం ప్రాసెస్ సంఖ్య మాత్రమే: ఒక్కో రకం తాళపుచెవికి 32,768 రూపాలకు మించి లేవు. అన్నీ ముందే తయారుచేసి ఒక్కొక్కటిగా ప్రయత్నించవచ్చు.

దాదాపు ఇరవై నెలలు ఎవరూ గమనించలేదు. లూసియానో బెల్లో కనిపెట్టగా, 2008 మే 13న డెబియన్ ప్రకటన వెలువడింది. ఉబుంటూ కూడా ఇందులో చిక్కుకుంది.

దిద్దిన ప్యాకేజీ వెంటనే వచ్చింది. అయితే దాన్ని స్థాపించినంత మాత్రాన జబ్బు నయం కాలేదు. పాత తాళపుచెవులు అలాగే ఉన్నాయి. అంతకన్నా చిక్కు, డెబియన్ యంత్రంలో పుట్టిన చెవిని ఎవరైనా మరో వ్యవస్థకు చేరవేసి ఉంటే, డెబియన్ వాసనే ఎరుగని ఆ సర్వర్ కూడా తెరచిన ద్వారమే. జ్వరం లేకుండానే టైఫాయిడ్‌ను మోసుకు తిరిగే మనుషులు గుర్తొస్తారు. బలహీనమైన చెవుల జాబితాలను కూడా ప్యాకేజీలుగానే పంపిణీ చేయవలసి వచ్చింది.

సర్వర్ గుర్తింపు మారితే లోపలికి వెళ్ళవద్దని అంతకుముందు ఏళ్ళ తరబడి నేర్పారు. ఆ వారం నిజాయితీగా మరమ్మతు చేసుకున్న ప్రతి సర్వరూ సరిగ్గా ఆ హెచ్చరికనే చూపించింది.