పులిహోర, ఎండుద్రాక్ష, మా బ్రూనోగాడు

ఉగాదినాడు మా అమ్మ పులిహోర ముద్ద ఒకటి తీసి బ్రూనోగాడి గిన్నెలో వెయ్యబోతుంటే "వద్దమ్మా" అని ఆపాను. "పండగపూట నోరులేనిదానికి పెట్టకుండా మనం తింటామా?" అంది.

ఆవిడ మాటా నిజమే. వేల ఏళ్ళుగా కుక్క మనం వదిలేసిన తిండి మీదే బతికింది. తోడేలుతో పోలిస్తే పిండిపదార్థం అరిగించుకునే జన్యువు కాపీలు కుక్కలో చాలా ఎక్కువని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు కూడా. కుక్కలకోసం ప్రత్యేకంగా తిండి తయారుచేసి అమ్మడం ఈమధ్య ముచ్చటే. 1860ల్లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్ల వ్యాపారం పెట్టాడు. అందుకే "ఇంటి తిండి పెట్టొద్దు" అని ఎవరన్నా అంటే, ఇదంతా బిస్కెట్లు అమ్ముకునేవాళ్ళ గోల అని చాలాకాలం కొట్టిపారేసేవాణ్ణి.

ఉల్లిపాయ సంగతి పాతదే. అది తిన్న కుక్కలకి రక్తహీనత వస్తుందని 1930లోనే అమెరికాలో రాశారు. ద్రాక్షదే అసలైన డిటెక్టివ్ కథ. పెంపుడు జంతువులు ఏదైనా విషం తింటే ఫోన్ చెయ్యడానికి ఏఎస్‌పీసీఏ అనే సంస్థకి అక్కడొక కేంద్రం ఉంది. వచ్చిన ప్రతి కేసునీ డేటాబేసులో ఎక్కించేవాళ్ళు. 1990ల చివర్లో అందులో ఒక ప్యాటర్న్ కనబడింది: ద్రాక్షో, ఎండుద్రాక్షో తిన్న కుక్కల కిడ్నీలు దెబ్బతింటున్నాయి. 2001లో ఆ సంగతి ప్రచురించారు. కారణం మాత్రం దొరకలేదు. పురుగుమందా? బూజా? ఒక కుక్క గుప్పెడు తిన్నా దులుపుకుపోతుంది, ఇంకోదానికి కాసిని తింటేనే ప్రాణం మీదకొస్తుంది. మన భాషలో చెప్పాలంటే రీప్రొడ్యూస్ కాని బగ్. ఇరవయ్యేళ్ళు ఓపెన్‌గానే ఉండిపోయింది.

ముడి విడింది పిల్లలాడుకునే పిండిముద్ద వల్ల! ఇంట్లో చేసిన ఆ ముద్ద తిన్న కుక్కకి అచ్చం ద్రాక్ష తిన్నట్టే కిడ్నీలు పాడయ్యాయి. అందులో ఉన్నది క్రీమ్ ఆఫ్ టార్టార్, అంటే టార్టారిక్ ఆమ్లం తాలూకు ఉప్పు. ద్రాక్షలోనూ ఆ ఆమ్లమే, పైగా రకాన్నిబట్టీ పండినతీరునిబట్టీ పాళ్ళు మారుతుంటాయి. 2021లో ఈ అనుమానం బయటపెట్టారు. 2022లో వచ్చిన ఇంకో వ్యాసం చదివి ఉలిక్కిపడ్డాను. అందులో క్రీమ్ ఆఫ్ టార్టార్‌తోబాటు ఉన్న రెండో ముద్దాయి చింతపండు!

"మా ఊళ్ళో కుక్కలన్నీ పులిహోర తిన్నవే" అంది అమ్మ. తినే ఉంటాయి. ఒక ముద్ద పులిహోరలో ఉండే పులుసుకి ప్రమాదం ఎంతో నేను లెక్కగట్టలేను. కానీ పండగైన మూడోరోజు వీధికుక్క పోతే ఏం తిని పోయిందో ఎవరు రాసిపెట్టుకున్నారు? ఊళ్ళో కుక్కలకి డేటాబేసు లేదు కదా. మీ కుక్క ఎండుద్రాక్ష మింగితే మాత్రం "చూద్దాంలే" అని కూర్చోకండి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కక్కించడానికి వీలుంటుంది. వాంతులు మొదలై, నీరసపడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పులుసు కలపకుండా పక్కనుంచిన అన్నంలో ఉత్తి గుమ్మడికాయ ముక్కలు ఉడికించి కలిపింది. పాయసం ఊసే ఎత్తలేదు. వాడు గిన్నె నాకేసి, పులిహోర బేసిన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.