రాగి వాషరు, ఆరు ఎలిమెంట్ల పంపు

జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ డీజిల్ ఇంజెక్షన్ పంపులను పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది 1927లో. 2027తో ఆ పంపుకు నూరేళ్లు నిండుతాయి. ఆ పండుగ ఎక్కడ జరిగినా అందులో వికారాబాద్ జిల్లా తాండూరు లారీ షెడ్లకూ వాటా ఉంది. ఇక్కడి నాపరాళ్లు, సిమెంటు, కందులు మోసిన పాత టాటా లారీల గుండె ఆ పంపే.

ఆ పంపు బాగుచేతలో రాగి వాషరుకూ పనుంది. మెత్తని లోహాల పని ఈ సీమకు కొత్త కాదు. పొరుగున బీదర్‌లో బహమనీల నాటి నుంచీ జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడిలో వెండి తీగ దిగగొట్టి, బీదర్ కోట మట్టితో నలుపు తెస్తున్నారు. ఊరూరా కంచరులు రాగి బిందెలు కాచి కొట్టారు. ఇక బండ్ల సంగతికొస్తే, 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు వికారాబాద్, తాండూరుల మీదుగా వచ్చింది. 1932లో నిజాం సర్కారు 27 బస్సులు దింపింది. 1951లో బెంగళూరులో బాష్‌తో కలిసిన మైకో కంపెనీ, 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ లారీ వచ్చాయి. అక్కడి నుంచి కథంతా షెడ్లలోనే.

ఆరు సిలిండర్ల ఇంజినుకు పంపులో ఆరు ఎలిమెంట్లు. ఒక్కో దానిలో ఒక బ్యారెల్, ఒక ప్లంజరు. రెంటి మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. అందుకే ఒకదాని ప్లంజరు మరోదాంట్లో పెట్టకూడదు. ప్లంజరు ఒంటిమీద ఏటవాలు గాడి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే ర్యాక్ జరిగి ప్లంజరు తిరుగుతుంది, ఆ గాడిని బట్టి నాజిల్‌కు వెళ్లే డీజిల్ కొలత మారుతుంది. ఒక్క గాడితో ఇంత పని చేయించిన బుర్రకు దండం పెట్టాలి.

నాజిల్ కింద, పైపు బోల్టుల దగ్గర రాగి వాషర్లుంటాయి. బిగిస్తే నలిగి సందు మూస్తాయి. నలిగిన రాగి గట్టిపడుతుంది, మళ్లీ వేస్తే లీకే. షెడ్డులోని పాత మెకానిక్, అంటే ఉస్తాద్, దాన్ని ఇనుప తీగకు గుచ్చి, ఎర్రబడేదాకా కాచి, నీళ్లలో ముంచుతాడు. ఉక్కును అలా ముంచితే పెళుసవుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. మెత్తబరిచేది కాచడమే, నీళ్లు పైనున్న నల్లపొరను రాలుస్తాయంతే. బీదర్ వెండి తీగకూ ఇదే సూత్రం.

పంపు ఎంపికలో ఉస్తాద్ అసలు పనితనం తెలుస్తుంది. రోటరీ పంపు చిన్నది, తేలిక. కానీ దాని లోపలి భాగాలకు డీజిలే కందెన, నీళ్లో దుమ్మో కలిసిందంటే ముందు పాడయ్యేది అదే. ఎలిమెంట్లు వరుసగా ఉండే ఇన్‌లైన్ పంపులో క్యామ్‌షాఫ్ట్‌కు ఇంజినాయిల్ అందుతుంది, ఓర్చుకుంటుంది. రాళ్ల దుమ్ములో తిరిగే బండికి ఇన్‌లైన్‌కు మించింది లేదని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత కథ ఒక దారిన సాగలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చి, డీజిల్‌లో గంధకం పదిలక్షల్లో పది పాళ్లకు తగ్గింది. కొత్త లారీల్లో ఆ పాత పంపు బదులు కామన్ రైల్ ఇంజెక్షన్, స్కానర్ పెడితేగానీ జబ్బు తెలియదు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. కందికి దక్కిన ఆ గౌరవం సరే, ఉస్తాదుల చేతిపనిని కనీసం రాసిపెట్టేవాళ్లయినా కావాలి.

పాత లారీకి సెకండ్‌హ్యాండ్ పంపు కొంటున్నారా? దాని ప్లేటు మీది నంబరు మీ ఇంజినుకు సరిపోతుందో లేదో చూడండి. కాలిబ్రేషన్ బెంచీ మీద ఆరు ఎలిమెంట్లూ సమానంగా డీజిల్ పోస్తున్నాయని తేలాకే డబ్బివ్వండి. రాగి వాషర్లు దొరికితే కొత్తవే వేయించండి.