కోలార్ గనుల దుమ్ము, క్షయ క్రిమి గోడ

1880వ దశకంలో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలార్‌లో బంగారం తవ్వకాలను పెద్దఎత్తున చేపట్టింది. తమిళ ప్రాంతాల నుంచి, చిత్తూరు వైపు పల్లెల నుంచి కూలీలు కుటుంబాలతో తరలివచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని క్రమంగా మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడి బంగారం క్వార్ట్జ్ రాతిలో ఉంది. డ్రిల్లు దిగినప్పుడల్లా, మందుగుండు పేలినప్పుడల్లా కంటికి ఆనని సిలికా దుమ్ము లేచి కార్మికుల ఊపిరితిత్తుల అడుగుదాకా చేరేది.

మన దేశంలో సిలికోసిస్ మొదట బయటపడింది ఇక్కడే, 1934లో. ఆ జబ్బు ఉన్నవాళ్లను క్షయ సులువుగా పట్టుకుంటుంది. లోపలికొచ్చిన సూక్ష్మజీవుల్ని మింగి చంపే మాక్రోఫేజ్ కణాలు సిలికా రేణువుల్నీ మింగుతాయి, మింగి అవే చచ్చిపోతాయి. ఆ రక్షణ దెబ్బతిన్న చోట క్షయ బ్యాక్టీరియా తిష్ఠ వేస్తుంది.

ఆ బ్యాక్టీరియా బలం దాని కణం చుట్టూ ఉన్న గోడ. మైకోలిక్ ఆమ్లాలనే కొవ్వుల వల్ల మైనం పూసినట్టుండే ఆ గోడ చాలా మందుల్ని లోపలికి రానివ్వదు. 1952లో వచ్చిన ఐసోనియాజిడ్ ఆ కొవ్వుల తయారీనే అడ్డుకుంటుంది. ఇంటివద్దే మందులిచ్చినా శానిటోరియంలో చేర్చినంత ఫలితం ఉంటుందని మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం 1959లో చూపింది. అయితే అప్పట్లో ఆ మందులు ఏడాది పొడవునా వాడాల్సి వచ్చేది.

అంతకాలం ఎందుకు?

గోడకు ముప్పొస్తే బ్యాక్టీరియాకు తెలుస్తుంది. పీకేఎన్‌బీ అనే ప్రోటీన్ కణపొర బయటికి చాచిన భాగంతో గోడ ముక్కల్ని పసిగట్టి, లోపలి నిర్మాణ పనిని సర్దుతుంది. తిండి కరువైతే పీపీజీపీపీ అనే చిన్న అణువు పోగుపడి పెరుగుదలను మందగింపజేస్తుంది. కొత్త గోడ కట్టని కణం మీద గోడ తయారీని ఆపే మందు పెద్దగా పనిచేయదు. అలా మిగిలిన క్రిములే, మందు మధ్యలో మానేస్తే, జబ్బును తిరగబెడతాయి.

కోలార్ గనులకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దీపాంకర్ ఛటర్జీ బృందం ఈ పీపీజీపీపీ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఇందుకు క్షయ క్రిమికి దగ్గరి బంధువైన మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్‌ను ఎంచుకుంది. ఇక గోడ విషయానికొస్తే, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి, ఈ.కొలై అనే మరో బ్యాక్టీరియా గోడ పెరగాలంటే పాత అల్లికను తెంచే ఎంజైములు తప్పనిసరని నిరూపించారు. ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పని మానేసినా ఊపిరితిత్తుల్లో చేరిన సిలికా అక్కడే ఉంటుంది, క్షయ ముప్పూ కొనసాగుతుంది. అందుకే పాత గని కార్మికుడికి దగ్గు తగ్గకపోతే వయసు మీద నెట్టేయకూడదు. కఫం పరీక్ష చేయించాలి, క్షయ అని తేలితే మందుల కోర్సు చివరిదాకా వాడించాలి.