పెరటి చెట్టుపై వలస గానపక్షులు: పాలకాయతిప్ప

కృష్ణవేణి సముద్రమున గలియు చోట, హంసలదీవికి చేరువనున్న పాలకాయతిప్పయందును, దివిసీమలోని తక్కిన పల్లెలయందును, శీతకాలమంతయు మన చెట్లనాశ్రయించి బ్రతికిన చిన్నపక్షులు ఫాల్గుణ చైత్రములలో పెరటి కొమ్మలపై వ్రాలి, కడుపార మేసి, ఉత్తరదిక్కునకు మరలిపోవును. శీతలదేశములవారికి వసంతము పక్షులు తిరిగివచ్చు ఋతువు. మనకది అతిథులను సాగనంపు ఋతువు. ఆ దినములలో గొంతెత్తి కూయు కోకిల ఇచ్చటి పక్షియే; పైగా శాస్త్రరీత్యా గానపక్షుల గణమునకు చెందినది కాదు.

ఈ బాటసారులలో సంఖ్యచేతను సందడిచేతను మొదట నెన్నదగినది గులాబిరంగు గోరువంక. నెల్లూరులో వైద్యుడుగా నుండి, పక్షుల దేశీయనామములను శ్రద్ధతో సేకరించిన జెర్డన్, 1862–64లో వెలువడిన తన భారతీయ పక్షిగ్రంథమున దీనికి పలిస యను తెలుగుపేరు నిచ్చెను. మిడుతలు విస్తారముగా నుండు మధ్యాసియా మైదానములలో గూడుకట్టి, వానకాలము ముగియకమునుపే మనదేశము చేరి, ఏప్రిల్ నాటికి గుంపులుగా వెడలిపోవును. చలికాలమున దీని యొంటిపై మాసినట్లు కనబడు గోధుమవన్నె క్రొత్త ఈకల అంచులది. ఆ అంచులు నెలలకొలది అరిగిపోగా, పయనమునాటికి వీపును పొట్టయు గులాబిరంగు తేలి, తలయు రెక్కలును నిగనిగలాడు నలుపెక్కును. బూరుగుపూవులో మోము దూర్చి తేనె గ్రోలి వెలికివచ్చిన పిట్ట నొసట పుప్పొడి యంటియుండుటయు, దానితోడనే అది మరియొక పూవును చేరుటయు, చెట్టుక్రింద కదలక నిలిచినవారికి కనబడును. ఇంత చక్కని దృశ్యము మన పెరటిలోనే జరుగుచున్నదని ఎరుగనివారే యెక్కువ.

వంగపండు పిట్ట మేలిపసుపు వన్నెది, ఉత్తరభారతమునను మధ్యాసియాలోను గూడుపెట్టునది. ఆకుల మాటున దాగినను వేణునాదమువంటి కూతచే తన్ను తాను పట్టియిచ్చుకొనును. పది గ్రాములైన తూగని ఆకుపచ్చపిట్ట యొకటి వేపకొమ్మల చివళ్లలో పురుగుల నేరుకొనుచు ‘చివీ’ యని పలుకుచుండును. రెక్కపై సన్నని తెల్లగీత దాని గురుతు.

ఊరిదాపున 1989లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కృష్ణా మడ అడవులున్నను, ఇంటి గంగరావియు మునగయు ఈ పక్షులకు వేరొక విందు. వానిపై పూలును లేతాకు పురుగులును సమృద్ధి. పెక్కు చిన్నపిట్టలు రాత్రివేళ పయనించి వేకువను కంటబడిన పచ్చని చెట్టుపై దిగును గనుక, తెల్లవారిన పిమ్మట తొలి రెండు గంటలు చూచుటకు మేలైనవి. చెట్టు మొదట మూకుడుతో నీరుంచుటయు, ఈ నెలలలో పురుగుమందు చల్లకుండుటయు గృహస్థులు పాటింపదగిన మర్యాదలు.

అందరికంటె ఆలస్యముగా వెడలునది, 1849లో కలకత్తా మ్యూజియమునందలి ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రమునకు పరిచయముచేసిన రెల్లుపిట్ట. మిగిలినవన్నియు పోయిన పిదపను, మామిడికాయలు ముదురు దినములలో, కంచెపొదలోనుండి దాని ‘చెక్, చెక్’ వినబడుచునే యుండును.