రాసినవాడి పేరు



మన సంఘం చరిత్రను డబ్బిచ్చి బయటివాళ్ళ చేత రాయించి, ఇంటర్నెట్‌లో పదిచోట్ల వేయిద్దామని కొందరు అంటున్నారు. తమిళ బడుల్లో చదివిన మనకు తెలుగులో రాయడం కష్టమే. కానీ ఈ పనికీ ఒక చరిత్ర ఉంది, చూసి నిర్ణయిద్దాం.

కూలికి రాయించడం మనకు కొత్త కాదు. తంజావూరు సరస్వతీ మహల్‌లో తెలుగు తాళపత్రాలున్నాయి. పాత తాళపత్రాల చివర చాలాసార్లు నకలు రాసినవాడి పేరు, ముగించిన తిథి, తప్పులు మన్నించమనే వేడుకోలు కనబడతాయి. అంటే రాతకు ఒక బాధ్యుడున్నాడు.

ఇంటర్నెట్‌లో ఇది మారింది. 1998లో మొదలైన గూగుల్, ఒక పేజీకి బయటి పేజీలు ఇచ్చే లింకులను ఓట్లలాగా లెక్కపెట్టింది. వ్యాపారులు ఆ ఓట్లను కొనసాగారు. ఎవరి చేతనో వ్యాసం రాయించి, తమ పేరు పెట్టుకుని, కింద లింకు చేర్చి ఈజైన్ ఆర్టికల్స్ వంటి సైట్లకు పంపేవారు. ఒకే వ్యాసాన్ని మాటలు మార్చి పదులకొద్దీ చేసే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ 'పాండా' అనే మార్పు తెచ్చి, సరుకులేని పేజీలను కిందికి తోసింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు మారాయి. ఈజైన్ ఆర్టికల్స్‌కు వచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

మన తాతలు ఎందుకు ఇక్కడికి వచ్చారో కూలికి రాసేవాడికి తెలియదు. తెలియనిచోట కల్పిస్తాడు. రేపు మన పిల్లలు దాన్నే నిజమనుకుంటారు.

టైపు చేయడానికి, తప్పులు దిద్దడానికి కూలి ఇద్దాం. మాట మాత్రం మన పెద్దలదే కావాలి. చెప్పినవారి పేరు, రాసినవారి పేరు చివర ఉండాలి.